టవర్ ఎత్తు ఎవరి చేతిలో ఉంది? ‘చూడ్డానికి బాగాలేదు’ అంటే సరిపోతుందా?

అట్లాంటా శివార్లలోనో, డల్లాస్ శివార్లలోనో ఇల్లు కొనుక్కున్న మన పిల్లల వీధి చివర ఒకరోజు ఒక బోర్డు కనిపిస్తుంది. ‘ఈ స్థలంలో సెల్ టవర్ నిర్మాణానికి దరఖాస్తు వచ్చింది. ఫలానా తేదీన సిటీ హాల్లో బహిరంగ విచారణ’ అని దాని మీద ఉంటుంది. ఆ రాత్రే ఇండియాకి ఫోన్ వస్తుంది. ‘అబ్బా, ఇంటి పక్కనే టవర్ వస్తోందట. పిల్లలున్నారు, రేడియేషన్ అంటున్నారు. ఏం చేద్దాం?’ ఇక్కడి నుంచి జవాబు కూడా మనకు తెలిసిందే. ‘మీటింగుకు వెళ్ళు బేటా. పిల్లల ఆరోగ్యం సంగతి గట్టిగా చెప్పు.’

ఏ తండ్రైనా ఇచ్చే సలహానే ఇది. కానీ అమెరికా చట్టం ప్రకారం ఆ హాల్లో పనికిరాని మాట ఏదైనా ఉందంటే అది ఇదే. మనం తేలిగ్గా తీసిపారేసే ‘అది చూడ్డానికి బాగుండదు, మరీ ఎత్తుగా ఉంది’ అన్న మాటకు మాత్రం అక్కడ విలువ ఉంది. అయితే ఆ మాట చెప్పే పద్ధతి ఒకటుంది, దాన్ని రాసిపెట్టే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి తప్పి ఒక ఊరు ఏకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. ఆ కథ తెలుసుకుంటే టవర్ సంగతే కాదు, మన మసీదుల సంగతి కూడా కొంత అర్థమవుతుంది.

చట్టం ఏ తలుపు మూసింది, ఏది తెరిచింది

1996లో అమెరికా కాంగ్రెస్ టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసింది. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు జనం చేతుల్లోకి వస్తున్నాయి. టవర్లు కావాలి, కానీ ప్రతి ఊరూ ‘మా దగ్గర వద్దు’ అంటోంది. అందుకని చట్టం మధ్యేమార్గం పట్టింది. టవర్ ఎక్కడ పెట్టాలి, ఎంత ఎత్తు ఉండాలి, ఎలా కనిపించాలి అన్నది స్థానిక ప్రభుత్వాల చేతిలోనే ఉంచింది. దీన్నే జోనింగ్ అధికారం అంటారు. దాంతోపాటు కొన్ని షరతులు పెట్టింది.

ఒక కంపెనీకి ఇచ్చి, అదే పరిస్థితిలో ఉన్న ఇంకో కంపెనీకి అన్యాయంగా కాదనకూడదు. ఆ ప్రాంతంలో సెల్ సేవే లేకుండా పోయేలా అడ్డుకోకూడదు. దరఖాస్తును నాన్చకుండా సమంజసమైన గడువులో తేల్చాలి. కాదంటే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి, దానికి రికార్డులో గట్టి ఆధారం ఉండాలి. చివరి షరతు మన వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెట్టిన రేడియేషన్ పరిమితుల్లో టవర్ ఉన్నంతవరకు, రేడియేషన్ కారణం చూపి ఏ ఊరూ దాన్ని ఆపకూడదు.

అంటే విచారణలో ఇరవైమంది లేచి ‘క్యాన్సర్ వస్తుంది’ అని చెప్పినా కౌన్సిల్ దాని మీద ఆధారపడి తీర్పు ఇవ్వలేదు. ఇస్తే కంపెనీ కోర్టుకు వెళ్ళి ఆ నిర్ణయాన్నే కొట్టేయించగలదు. ఆరోగ్య భయం అబద్ధమనో, చిన్నదనో ఇక్కడ అనడం లేదు. ఆ ప్రశ్నను తేల్చే పని చట్టం ఊరికి ఇవ్వలేదు, అంతే. ఊరికి మిగిలింది ఎత్తు, స్థలం, రూపం.

రోజ్‌వెల్‌లో ఏం జరిగింది

జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకు ఉత్తరాన రోజ్‌వెల్ అనే ఊరుంది. ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్ దాని పొరుగు ఊళ్ళే. తెలుగు కుటుంబాలు చాలానే ఉండే ప్రాంతం. 2010లో టీ-మొబైల్ సంస్థ అక్కడ 2.8 ఎకరాల ఖాళీ స్థలంలో టవర్ కడతామని దరఖాస్తు పెట్టింది. అది ఇళ్ళ మధ్య ఉన్న స్థలం. టవర్ ఎత్తు 108 అడుగులు. మామూలు ఇనుప టవర్ కాదు, కొమ్మలూ ఆకులూ తగిలించి దేవదారు చెట్టులా కనిపించేలా చేసిన టవర్. ఆ ఊరి జోనింగ్ నిబంధనల్లోనే టవర్లు చుట్టూ ఉన్న ప్రకృతిలో కలిసిపోవాలని ఉంది కాబట్టి ఈ వేషం. అయినా చుట్టుపక్కల చెట్ల కంటే అది కనీసం 20 అడుగులు పైకి కనిపిస్తుంది.

నగర ప్రణాళిక సిబ్బంది దరఖాస్తు పరిశీలించి, కొన్ని షరతులతో అనుమతి ఇవ్వొచ్చని సిఫారసు చేశారు. 2010 ఏప్రిల్ 12న సిటీ కౌన్సిల్ ముందు విచారణ జరిగింది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి వద్దన్నారు. కౌన్సిల్ సభ్యులు తలా ఒక మాట అన్నారు. మిగతా కంపెనీల సిగ్నల్ అక్కడ బాగానే ఉంది కదా అని ఒకరు. అత్యవసర సమయంలో పనిచేయడానికి జనరేటర్ లేదని ఒకరు. మరీ ఎత్తుగా ఉంది, ఆ పరిసరాలకు అతకదని ఇంకొకరు. చివరికి అందరూ ఏకగ్రీవంగా కాదన్నారు.

రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, కంపెనీకి ఒక ఉత్తరం వెళ్ళింది. మీ దరఖాస్తు తిరస్కరించాం, సమావేశం మినిట్స్ కావాలంటే సిటీ క్లర్క్ దగ్గర తీసుకోవచ్చు అన్నది దాని సారాంశం. కారణం ఒక్కటి కూడా లేదు. ఆ మినిట్స్ ఉత్తరం వెళ్ళిన 26 రోజులకు గానీ బయటికి రాలేదు.

ఇక్కడే చిక్కు. కోర్టుకు వెళ్ళడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. కారణాలు కాగితం మీదికి వచ్చేసరికి 26 రోజులు గడిచిపోయాయి. మిగిలింది నాలుగు రోజులు. కంపెనీ కోర్టుకెళ్ళింది. కింది కోర్టులో గెలిచింది, అప్పీలు కోర్టులో ఓడింది. 2015 జనవరి 14న సుప్రీంకోర్టు 6–3 తేడాతో కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ సోనియా సోటొమాయోర్.

తీర్పులో కోర్టు ఏమన్నదో, ఏమనలేదో రెండూ చూడాలి. ఆ టవర్ అందంగా ఉందని కోర్టు అనలేదు. ఎత్తు ఎక్కువన్న అభ్యంతరం తప్పని కూడా అనలేదు. కారణాలు పెద్ద పెద్ద పదాల్లో, లాయర్ భాషలో ఉండాల్సిన పని లేదని చెప్పింది. తిరస్కరణ ఉత్తరంలోనే ఉండాలని కూడా లేదు, మినిట్స్‌లో ఉన్నా చాలు. కానీ అవి స్పష్టంగా ఉండాలి, తిరస్కరణతో పాటే దాదాపు అదే సమయానికి చేతికి అందాలి. కారణం చెప్పకుండా కాదంటే, ఆ కాదనడం సబబా కాదా అని కోర్టు చూసేదెలా? రోజ్‌వెల్ తప్పింది ఇక్కడ.

ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒప్పుకోలేదు. చట్టంలో ‘రాతపూర్వకంగా తిరస్కరించాలి’ అని ఉందే తప్ప ‘కారణాలు రాయాలి’ అని లేదు కదా అన్నది ఆయన వాదన. పైగా ఇంత పెద్ద కంపెనీకి విచారణలో ఏం జరిగిందో తెలియక కాదు కదా అన్నారు. ఆ వాదనలోనూ బలం లేకపోలేదు. కానీ నియమం పెద్ద కంపెనీ కోసం మాత్రమే ఉండదు. రేపు దరఖాస్తు పెట్టేవాడు చిన్నవాడైతే? ఈ ప్రశ్నకు మళ్ళీ వద్దాం.

ఎత్తు తగ్గిస్తే లాభమేనా?

కంపెనీలు ఎత్తు కోరేది ఊరి మీద కోపంతో కాదు. జార్జియా లాంటి చోట్ల చెట్లు ఏపుగా ఉంటాయి. చెట్ల కంటే కింద యాంటెన్నా పెడితే కొమ్మలూ ఆకులూ సిగ్నల్‌ను తినేస్తాయి. ఇంకో సంగతి, ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఒకదాని కింద ఒకటి పెట్టొచ్చు. ఎత్తు ఉంటేనే అది కుదురుతుంది. 108 అడుగులను 80కి తగ్గించమని పట్టుబట్టి గెలిస్తే, రెండేళ్ళ తర్వాత ఇంకో కంపెనీ ఇంకో 80 అడుగుల టవర్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. ఒక పొడుగు టవరా, రెండు పొట్టి టవర్లా అన్నది ఊరు ముందే ఆలోచించుకోవాలి.

పై హద్దు దగ్గర ఇంకో లెక్క ఉంది. సాధారణంగా 200 అడుగులు దాటితే విమానయాన నిబంధనల ప్రకారం టవర్‌కు రంగులు, దీపాలు కావాల్సి వస్తుంది. అందుకే అమెరికాలో చాలా టవర్లు 199 అడుగుల దగ్గర ఆగిపోతాయి. రాత్రంతా మిణుకు మిణుకుమనే దీపం పడకగది కిటికీలోంచి కనిపించడం కూడా రూపానికి సంబంధించిన అభ్యంతరమే. కాబట్టి దరఖాస్తులో ఎత్తుతో పాటు దీపం సంగతి కూడా చూడాలి.

చాలామందికి తెలియనిది 2012 చట్టం. ఇప్పటికే ఉన్న టవర్‌కు చిన్న మార్పులు చేస్తామంటే ఊరు కాదనడానికి వీల్లేదని అది చెబుతుంది. రోడ్డు హద్దులకు బయట ఉండే మామూలు టవర్ అయితే ఉన్న ఎత్తులో 10 శాతం, లేదా పై యాంటెన్నా నుంచి సుమారు 20 అడుగుల దాకా, ఏది ఎక్కువైతే అంత పెంచినా అది ‘చిన్న మార్పే’. ఇవాళ 100 అడుగులకు ఒప్పుకుంటే రేపు అది 120 అడుగులయ్యే అవకాశం చట్టంలోనే ఉందన్నమాట. అయితే చెట్టు వేషం లాంటి మరుగు ఏర్పాటును పాడుచేసే మార్పు ఈ లెక్కలోకి రాదు. అందుకని మొదటి అనుమతిలోనే ‘ఈ మరుగు తప్పనిసరి’ అని షరతుగా రాయించుకోవడం తెలివైన పని. విచారణలో అరిచి కూర్చోవడం కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ కాలం కాపాడుతుంది.

ఏ మాట సాక్ష్యం అవుతుంది

‘మా పేటలో టవర్ వద్దు, అసహ్యంగా ఉంటుంది’ అని మాత్రమే అంటే కోర్టులు సాధారణంగా దాన్ని సాక్ష్యంగా తీసుకోవు. అలా ఎవరైనా ఏ టవర్ గురించైనా అనొచ్చు. ‘మా ఇంటి వెనక కిటికీలోంచి చూస్తే చెట్ల వరస ఇంత ఎత్తు, టవర్ దాని మీద ఇంత కనిపిస్తుంది, ఇదిగో ఫోటో’ అంటే అది వేరు.

న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్ నగరం ఇలాగే నెగ్గింది. చెట్టు వేషంలోనే ఉన్న 150 అడుగుల టవర్‌ను అక్కడి ప్రణాళికా బోర్డు కాదన్నది. కంపెనీ కోర్టుకెళ్ళింది. 2005లో ఫెడరల్ అప్పీలు కోర్టు బోర్డునే సమర్థించింది. టవర్ ఎక్కడి నుంచి ఎలా కనిపిస్తుందో ఆ వీధుల్లో రోజూ తిరిగే నివాసులు తమ అనుభవంతో చెప్పారు. కంపెనీ మాత్రం ఎవరికీ ముందుగా చెప్పకుండా తన పరీక్ష తాను చేసుకుని, పెద్దగా కనిపించదని నివేదిక ఇచ్చింది. జనం కళ్ళముందు జరగని పరీక్షను బోర్డు నమ్మకపోతే తప్పులేదని కోర్టు అన్నది.

అందుకే చాలా ఊళ్ళు బెలూన్ పరీక్ష అడుగుతాయి. టవర్ ఎంత ఎత్తు వస్తుందో అంత ఎత్తుకు ఒక రంగు బెలూన్ ఎగరేస్తారు. ఏ వీధి నుంచి, ఏ ఇంటి నుంచి అది కనిపిస్తుందో ఫోటోలు తీస్తారు. ఆ రోజు ఎప్పుడో ముందే కనుక్కుని, మీ ఇంటి నుంచి మీరూ ఫోటో తీసుకోండి. ఆకులు రాలిన కాలంలో తీసిన ఫోటో, ఆకులున్నప్పుడు తీసినది వేరువేరుగా ఉంటాయని చెప్పండి. స్థలం సరిహద్దు నుంచి టవర్ ఎంత దూరం ఉండాలో ఊరి నిబంధన చదవండి. చాలా చోట్ల టవర్ ఎత్తెంతో కనీసం అంత దూరం అడుగుతారు. చివరిగా, ఇక్కడ వద్దంటే ఇంకెక్కడ పెట్టొచ్చో ఒక చోటు చూపించండి. ఊరు సేవ మొత్తాన్నే అడ్డుకుంటోందన్న వాదన అప్పుడు నిలబడదు.

5జీ వచ్చాక బొమ్మ కొంత మారింది. పెద్ద టవర్లతో పాటు వీధి దీపాల స్తంభాల మీద చిన్న పెట్టెలు వస్తున్నాయి. 50 అడుగుల లోపు ఉండే వీటికి 2018లో ఎఫ్‌సీసీ గడువులు బాగా కుదించింది. ఉన్న స్తంభం మీదైతే 60 రోజులు, కొత్త స్తంభమైతే 90 రోజుల్లో ఊరు తేల్చాలి. రూపం విషయంలో ఊళ్ళ చేతులు కట్టేసేలా ఎఫ్‌సీసీ పెట్టిన కొన్ని షరతులను మాత్రం 2020లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అంటే ఎలా కనిపించాలన్న ప్రశ్న ఇంకా ఊరి దగ్గరే ఉంది. ఆలోచించుకునే సమయమే తగ్గింది.

అదే హాలు, అదే మాట

ఇప్పుడు ఇందాకటి ప్రశ్నకు వద్దాం. దరఖాస్తు పెట్టేవాడు టీ-మొబైల్ కాకుండా ఒక మసీదు కమిటీ అయితే?

టవర్‌ను విచారించే హాల్లోనే, దాదాపు అవే బోర్డుల ముందు మసీదు దరఖాస్తులు కూడా వస్తాయి. అక్కడా ఎత్తు లెక్కే, పార్కింగ్ లెక్కే, ‘మా పేట స్వభావానికి అతకదు’ అన్న మాటే. న్యూజెర్సీలోని బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో ఒక ఇస్లామిక్ సొసైటీ మసీదు కట్టుకుంటామని అడిగితే 39 సార్లు విచారణలు జరిగాయి. మూడేళ్ళకు పైగా సాగదీసి 2015 డిసెంబర్‌లో కాదన్నారు. సొసైటీ కోర్టుకెళ్ళింది, అమెరికా న్యాయశాఖ కూడా కేసు వేసింది. చర్చిలకు ఒక పార్కింగ్ లెక్క, మసీదుకు ఇంకో లెక్క వేశారని 2016 చివరి రోజున ఫెడరల్ జడ్జి తేల్చారు. 2017 మేలో ఆ టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లు చెల్లించడానికి, మసీదుకు అనుమతి ఇవ్వడానికి ఒప్పుకుంది.

మసీదులకు, చర్చిలకు, గుళ్ళకు 2000లో చేసిన ప్రత్యేక చట్టం రక్షణ ఉంది. టవర్లకు 1996 చట్టం ఉంది. రెండు చట్టాలు వేరు, కానీ పాఠం ఒకటే. అధికారంలో ఉన్నవాళ్ళు కాదన్నప్పుడు ఎందుకు కాదంటున్నారో చెప్పించగలిగితేనే, ఆ కారణం అందరికీ ఒకేలా వర్తిస్తోందా లేదా అని చూడగలం. బెర్నార్డ్స్‌లో మసీదును గెలిపించింది రికార్డు. రెండు లెక్కలూ కాగితం మీద పక్కపక్కన కనిపించాయి కాబట్టే అన్యాయం దొరికింది.

అందుకే టవర్ విచారణలో ‘కారణం అక్కర్లేదు, జనం వద్దంటున్నారు, అంతే’ అని మనమే అంటే, రేపు అదే మాట మన మీదికి వస్తుంది. ఇవాళ మనకు నచ్చని దాని మీద మనం పాటించే పద్ధతే రేపు మనల్ని నచ్చనివాళ్ళ నుంచి కాపాడుతుంది.

ఇక్కడ మన సంగతి

తెలుగు రాష్ట్రాల్లో లెక్క దాదాపు తలకిందులుగా ఉంది. మన పేటల్లో టవర్ గొడవ అంటే రేడియేషన్ గొడవే. రూపం గురించి, ఎత్తు గురించి ఎవరూ అడగరు. అడగడానికి బహిరంగ విచారణ అనేదే చాలా చోట్ల ఉండదు. పొద్దున లేచి చూసేసరికి పక్కింటి మేడ మీద ఇనుప కడ్డీలు లేస్తుంటాయి. 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించి, ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టడానికి స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేదని చెప్పింది. ముందుగా రాతపూర్వక సమాచారం, భవనం ఆ బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే చాలన్నది. 2023 టెలికాం చట్టం కింద చేసిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి దిశ కూడా త్వరగా, సులభంగా పని జరగాలన్నదే.

రేడియేషన్ విషయంలో మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును హద్దుగా పెట్టుకుంది. మీ దగ్గరి టవర్ ఆ హద్దులో ఉందో లేదో కేంద్ర టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో చూడొచ్చు, రుసుము కట్టి కొలతలు తీయించమనీ అడగొచ్చు. అపోహో నిజమో తేల్చుకోవడానికి దారి అది. కానీ పాత మేడ మీద టన్నుల బరువు పెడుతుంటే, జనరేటర్ రాత్రంతా మోగుతుంటే, అడగాల్సింది వేరే కాగితం. ఆ స్ట్రక్చరల్ ధ్రువపత్రం ఎక్కడ? మున్సిపాలిటీకి ముందుగా సమాచారం ఇచ్చారా? ఆ ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మన మసీదు, మదర్సా కమిటీల దగ్గరికి కూడా ‘మేడ మీద టవర్ పెడతాం, నెలనెలా అద్దె ఇస్తాం’ అని ఎవరైనా రావచ్చు. ఇమామ్ గారి జీతానికి, కరెంటు బిల్లుకు ఆ డబ్బు పనికొస్తుందన్నది నిజమే. కానీ వక్ఫ్ ఆస్తి అయితే ముతవల్లీ ఒక్కరే సంతకం పెట్టేసే సంగతి కాదు. వక్ఫ్ బోర్డు అనుమతి ఏం కావాలో ముందు చూసుకోవాలి. మొహల్లా వాళ్ళకు జుమా తర్వాత కూర్చోబెట్టి చెప్పాలి. బరువు సంగతి, ఒప్పందం ఎన్నేళ్ళు, మధ్యలో వద్దంటే ఎవరు దించాలి అన్నవి రాసి, చదివి వినిపించాలి. వద్దన్నవాళ్ళు ఎందుకు వద్దన్నారో అదీ రాయాలి. చట్టం మనల్ని అడగకపోయినా మనం పాటించగలిగిన విచారణ ఇది.

రోజ్‌వెల్ కౌన్సిల్‌లో ఆరోజు కూర్చున్నవాళ్ళ దగ్గర కారణాలు లేక కాదు. ఎత్తు ఎక్కువన్నారు, పరిసరాలకు అతకదన్నారు. ఆ మాటలు ఉత్తరంతో పాటే ఒక కాగితం మీద పెట్టి ఉంటే, ఈ కేసు మీద అంత దూరం వెళ్ళాల్సిన అవసరమే ఉండకపోను.

ఈసారి అమెరికా నుంచి ఫోన్ వస్తే మన జవాబు మారాలి. ‘మీటింగుకు వెళ్ళు బేటా. కిటికీ దగ్గర నిలబడి ఫోటో తీసుకెళ్ళు. ఎత్తు గురించి మాట్లాడు. కాదంటే ఎందుకో రాసిమ్మని అడుగు, సరేనంటే షరతులు రాసిమ్మని అడుగు.’